వేడి మీద మొండికేసే ఎమ్‌జీబీ

వేసవి ఆదివారాల్లో ఇంగ్లండ్ పల్లెదారుల్లో పాత ఎమ్‌జీబీ కార్లు బాగానే కనిపిస్తాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగితే ఒక్క సెల్ఫ్‌కే అందుకునే ఇంజన్, బంకు దగ్గర పావుగంట ఆపి మళ్ళీ తాళం తిప్పితే మొండికేస్తుంది. యజమాని వెంటనే తిట్టేది ఈ10 పెట్రోల్‌ని. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్‌లో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కాబట్టి నేరం దానిమీద తోసేయడం సులువే. కానీ వేడి మీద స్టార్ట్ కాకపోవడానికి వెనక ఒకదానికొకటి విరుద్ధమైన రెండు జబ్బులున్నాయి: ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువైపోవడం, అసలు అందకపోవడం. ఏదో తేల్చుకోకుండా కార్బురేటర్ స్క్రూలు తిప్పితే ఉన్నది పోదు సరికదా, పొద్దున బాగా అందుకునే బండి అప్పుడూ సతాయించడం మొదలెడుతుంది.

రెండింటికీ మూలం వేడే. 1962లో వచ్చిన ఎమ్‌జీబీ 1798 సీసీ ఇంజన్‌లో గాలి లోపలికెళ్ళే దారీ, పొగ బయటికొచ్చే దారీ ఒకే పక్కన ఉంటాయి. అంటే రెండు ఎస్‌యూ కార్బురేటర్లూ ఎగ్జాస్ట్ నెత్తిమీదే కూర్చున్నట్టు. బండి నడుస్తున్నంతసేపు ఎదురుగాలీ, ట్యాంకు నుంచి వచ్చే కొత్త పెట్రోలూ వాటిని చల్లబరుస్తాయి. ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి. ఇనుములో నిలవున్న వేడి మాత్రం పైకి ఎగబాకుతూనే ఉంటుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 35 డిగ్రీలకు అటూ ఇటూగానే మరుగుతాయి. దాంతో కార్బురేటర్‌ ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్ పాలు పొంగినట్టు పొంగి, జెట్ గుండా మానిఫోల్డ్‌లోకి దిగుతుంది. అది ఫ్లడ్ కావడం. అదే వేడికి పైపులో ఆవిరి పట్టిందా, పెట్రోల్ ముందుకు కదలదు. ఈ తంటా మనకూ కొత్తేమీ కాదు. మన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్‌లోని కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్. దాని 1489 సీసీ ఇంజన్ కూడా ఎమ్‌జీబీ ఇంజన్ కుటుంబానిదే. మే ఎండలో ఘాట్‌రోడ్డు మీద ఆగిన అంబాసిడర్‌కు డ్రైవర్లు పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టేవారు. ఆ వైద్యం పెట్రోల్ అందని జబ్బుకి సరైనదే. ఫ్లడ్ అయిన ఇంజన్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

తేడా పట్టడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ప్లగ్గు విప్పితే తడిగా, పెట్రోల్ వాసన కొడుతూ ఉంటే ఎక్కువైనట్టు. పొడిగా ఉంటే అందనట్టు. ఎమ్‌జీబీలో ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపు బండి వెనక భాగంలో ఉంటుంది. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా వింటే టకటకా కొట్టి, చాంబర్లు నిండాక ఊరుకోవాలి. ఊరుకోకుండా కొడుతూనే ఉంటే పెట్రోల్ ఎక్కడికో పోతోందన్నమాట: చాంబర్ నిండాక పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్ కింద నలక ఇరుక్కుని ఉండవచ్చు, ఫ్లోట్ చిల్లుపడి మునిగి ఉండవచ్చు. ఇది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడూ బయటపడే లోపం. చల్లగా ఉన్నప్పుడు అంతా సవ్యంగా ఉండి, ఆపిన పావుగంటకే ప్లగ్గులు తడుస్తుంటే వాల్వ్‌ని అనుమానించి లాభం లేదు; వేడికి అడ్డుగా బిగించిన రేకునీ, కార్బురేటర్ కింది ఇన్సులేటర్ దిమ్మనీ చూడాలి. ప్లగ్గు తడిగా ఉన్నంత మాత్రాన కార్బురేటర్‌దే తప్పని కూడా కాదు. వేడెక్కితే చచ్చుబడే కాయిలూ, కండెన్సరూ ఉన్నా స్పార్క్ రాక పెట్రోల్ కాలకుండా మిగిలిపోతుంది. ఫ్లడ్ అయిందని తేలితే చోక్ లాగకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. గాలి ఎక్కువగా వెళ్ళి తడి ఆరుతుంది. పెడల్ పదేపదే పంపు కొట్టడం మాత్రం ఎస్‌యూలో వృథా, దానికి యాక్సిలరేటర్ పంపు లేదు.

మరి ఈ10 నిర్దోషేనా? ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది, చిక్కబడదు. తడి ప్లగ్గుల నేరం నేరుగా దానిమీద మోపలేం. పైగా 1970ల ఎమ్‌జీబీలకు వచ్చిన హెచ్‌ఐఎఫ్ కార్బురేటర్‌లో, పెట్రోల్ వేడెక్కితే జెట్ ఎత్తును సరిదిద్దే రెండు లోహాల పట్టీ ఉంది. వేడితో తంటా కంపెనీకి అప్పటికే తెలుసు. అయితే ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని లోపల నుంచి తినేస్తుంది, రాలిన పొడి వెళ్ళి నీడిల్ వాల్వ్‌లో కూర్చుంటుంది. అక్కడ దాని చెయ్యి ఉన్నట్టే. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు: బ్రిటన్‌లో చలికాలపు పెట్రోల్ త్వరగా ఆవిరయ్యేలా తయారవుతుంది, తక్కువ ఆవిరయ్యే వేసవి రకం నిబంధన జూన్ 1 నుంచి. ఏప్రిల్‌లో ఒకరోజు ఎండ కాస్తే ట్యాంకులో ఇంకా చలికాలపు సరుకే ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఎండేమిటి అనేవారు 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైందని గుర్తుంచుకోవాలి.

బలమైన కొత్త పంపు పెట్టేస్తే ఆవిరిని నెట్టేస్తుంది కదా అని కొందరంటారు. ఎస్‌యూ వాల్వ్ తట్టుకునేది చదరపు అంగుళానికి సుమారు 3 పౌండ్ల ఒత్తిడి. అంతకు రెట్టింపు పెడితే వాల్వ్ మూసుకోదు, ఒక జబ్బు పోయి రెండోది పట్టుకుంటుంది. దానికన్నా ముందు మార్చాల్సింది రబ్బరు పైపులు. 40 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు జరగని కార్లకు 2018 మే నుంచి ఏటా ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు కాబట్టి, ఎగ్జాస్ట్ పక్కనుంచి పోయే ఆ పైపుల్ని యజమాని వంగి చూసుకోకపోతే చూసే నాథుడు లేడు.