జాతీయ గ్రంథాలయంలో గ్రాహ్యాగ్రాహ్య వివేచన

కళాశాల గ్రంథాలయం పాఠ్యక్రమాన్ని బట్టి, పౌర గ్రంథాలయం పాఠకుల అభిరుచిని బట్టి పుస్తకాలను ఎన్నుకొంటాయి. జాతీయ గ్రంథాలయానికి అట్టి స్వేచ్ఛ లేదు. నేడు ఎవరూ అడగని గ్రంథాన్ని కూడ అది స్వీకరించి భద్రపరచవలసి ఉంటుంది. అట్లని అచ్చయిన ప్రతి కాగితాన్నీ దాచుకొనదు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయబడుతున్నదో తెలుసుకొనడానికి కోల్‌కతాలోని భారత జాతీయ గ్రంథాలయమే తగిన ఉదాహరణ.

1836లో ఏర్పడిన కలకత్తా పబ్లిక్ లైబ్రరీ గ్రంథాలను కలుపుకొని 1903లో ప్రజలకు తెరువబడిన ఇంపీరియల్ లైబ్రరీయే 1948 నాటి చట్టంతో జాతీయ గ్రంథాలయమైనది. దీని సేకరణకు మూలాధారం 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం. 1956లో వార్తాపత్రికలు కూడ ఈ చట్ట పరిధిలోకి వచ్చినవి. ప్రచురణకర్త తన గ్రంథం వెలువడిన 30 దినాలలోగా ఒక ప్రతిని సొంత ఖర్చుతో ఈ గ్రంథాలయానికి పంపవలెను. మదరాసులోని కన్నెమరా గ్రంథాలయంతో సహా మరి మూడు గ్రంథాలయాలకు కూడ ఒక్కొక్క ప్రతి చేరవలెను. ఏ భాషలోనిదైనా సరే, సంపుటమూ, సంపుట భాగమూ, కరపుస్తకమూ, విడిగా అచ్చయిన సంగీత పత్రమూ, పటమూ ఈ చట్టం దృష్టిలో గ్రంథాలే. మార్పులు చేర్పులు లేని పునర్ముద్రణకు మాత్రం, పూర్వముద్రణ ప్రతి చేరి ఉన్నట్లయితే, మినహాయింపు కలదు. ఒక విశేషమేమనగా, జాతీయ గ్రంథాలయానికి పంపే ప్రతి, ఆ గ్రంథం ముద్రితమైన కాగితాలలో మేలైనదానిపై అచ్చయినదై ఉండవలెను. తక్కిన మూడింటికి ఎక్కువ ప్రతులు అచ్చయిన సాధారణపు కాగితం చాలును. చిరకాల రక్షణ భారం ఎవరిపై ఉన్నదో ఈ భేదమే తెలుపుతున్నది.

ఇంతవరకు నిర్ణయం చట్టానిది. గ్రంథాలయ విధానం మాత్రం ప్రాముఖ్యం గల ముద్రిత సామగ్రినంతటినీ స్వీకరిస్తూ క్షణిక ప్రయోజనం గలవానిని విడిచిపెడుతుంది. చిక్కంతా ఈ ‘క్షణికం’ అనే మాటలోనే ఉన్నది. వ్యాపార ప్రకటనలను విడిచినందుకు విచారించేవారు అరుదు. కాని సంతలలో అమ్ముడైన కథాగీతాల చిరుపొత్తాలు, నాటక ప్రదర్శనల కరపత్రాలు, సినిమా పాటల పుస్తకాలు, పంచాంగాలు వెలువడిన నాడు క్షణికాలుగానే కనిపించినవి. నేడు జానపద వాఙ్మయ పరిశోధకునకు, రంగస్థల చరిత్రకారునకు అవే ప్రథమాధారాలు. ఏది నిలుచునో సమకాలికులు చెప్పజాలరు గనుక, సందేహాస్పదమైన చోట స్వీకరించుటయే మేలు. స్థలాభావం ఈ వాదానికి బలమైన ప్రతివాదమే. అయితే స్థలం తరువాతనైనా సంపాదింపవచ్చును, నశించిన కరపత్రాన్ని సంపాదింపలేము.

1954కు పూర్వపు ప్రచురణలకు, విదేశాలలో వెలువడిన భారత సంబంధి గ్రంథాలకు ఈ చట్టం వర్తించదు. వీనిని కొనుట వలనను, వినిమయము వలనను, దానముగను పొందవలెను. దాన స్వీకారంలో ఎంపిక చాలవరకు దాత జీవితకాలంలోనే జరిగిపోయి ఉంటుంది. ఆశుతోష్ ముఖర్జీ గ్రంథ సంచయం 80 వేలకు మించినది. దానిలో ఏమి ఉన్నదో, ఏమి లేదో ఆయన పాండిత్యమే నిర్ణయించినది.

తెలుగు విషయంలో మరొక లోపం గమనింపదగినది. మన భాషలో రచయితయే ప్రచురణకర్త కావడం సర్వసాధారణం. సిద్ధాంత గ్రంథాన్ని సొంత ఖర్చుతో అచ్చువేసి మిత్రులకు పంచే అధ్యాపకునకు, తాను చట్టరీత్యా ప్రచురణకర్తనన్న స్పృహయే ఉండదు. పంపనివారికి విధించదగిన జరిమానా గ్రంథం వెలగాక 50 రూపాయలకు మించదు గనుక భయమూ లేదు. 1958 నుండి వెలువడుతూ వచ్చిన జాతీయ గ్రంథసూచికి ఈ చట్టం క్రింద చేరిన ప్రతులే ఆధారం. చేరని గ్రంథం అందులోని తెలుగు విభాగానికి ఎక్కదు. ఏబది ఏండ్ల పిమ్మట వెదకేవానికి అట్టి గ్రంథం లేనట్లే.

1867 నాటి ముద్రణ, గ్రంథ నమోదు చట్టం ప్రకారం పూర్వం రాష్ట్రాలలో త్రైమాసిక గ్రంథపట్టికలు సిద్ధమయ్యేవి. పందొమ్మిదవ శతాబ్ది తెలుగు ముద్రణ చరిత్రను పరిశీలించేవారికి అవి నేటికీ ఆధారాలు. 2023 నాటి కొత్త చట్టం ఆ చట్టాన్ని తొలగించి, పత్రికల నమోదును మాత్రమే నిలిపి, గ్రంథాలను విడిచిపెట్టినది. కేంద్ర చట్టాలలో ఇక గ్రంథానికి మిగిలినది ముప్పది దినాలలో ప్రచురణకర్త పంపవలసిన ఆ ప్రతి ఒక్కటే.