నడిస్తేనే పరుగు వస్తుంది
మా గాంధారిలో తెల్లారకముందే రోడ్డు మీద పరుగెత్తేవాళ్లలో చాలామంది టార్గెట్ కానిస్టేబుల్ ఈవెంట్సే. 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 400 మీటర్ల రౌండు 1 నిమిషం 48 సెకన్లలో, వరుసగా నాలుగుసార్లు.

మా పెద్దమ్మ కొడుకు మొదటిరోజు నుంచే ఫుల్ స్పీడ్ కొట్టాడు. వారం తిరిగేసరికి మోకాలి కింద ఎముక నొప్పితో ఆగిపోయాడు. కారణం సింపుల్. ఆయాసం కొన్ని వారాల్లో తగ్గుతుంది, కానీ ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది.

అందుకే రోజు విడిచి రోజు, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. వారం వారం పరుగు కొంచెం పెంచి నడక తగ్గించాలి. పక్కవాడితో మాట్లాడగలిగే స్పీడ్ చాలు. 20 నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలిగాకే స్టాప్‌వాచ్ తీయాలి.

నొప్పి పూర్తిగా తగ్గాక అన్న మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నడకతో.