ఓడలెరుగని సీమ, సముద్రమేలిన వర్తకులు: వింతలు విశేషాలు

అతి ఎక్కువ కాలం నిలిచిన సముద్ర వర్తక రాజ్యం వెనిస్. సంప్రదాయం చెప్పే లెక్కలో 697 నుంచి 1797 దాకా 1,100 ఏళ్లు. విజయనగరం (1336-1646) బతికింది 310 ఏళ్లే. అలాంటివి మూడు వరుసగా పేర్చినా వెనిస్‌కు ఇంకా 170 ఏళ్లు మిగులు!

మరి ఓడలెరుగని మన అనంతపురం? జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాగా పేరు. ఏడాది వానంతా పడ్డచోటే నిలిపినా మోకాలి లోతే.

రాజే లేని పెద్ద వర్తక కూటముల్లో ఒకటి మాత్రం మన దక్కనుదే: అయ్యావళి అయిదువందల స్వాములు. పుట్టిల్లు కర్ణాటకలోని ఐహోళె. సింహాసనం లేదు, ఎద్దు గుర్తు జెండా ఉంది. వజ్రాలు, ఏనుగులు, కర్పూరం, కస్తూరి... వీళ్లు అమ్మనిది ఏమిటని అడగాలి.

అతి దూరాన దొరికిన వీళ్ల శాసనాల్లో ఒకటి సుమత్రాలోని బరుస్‌ది. ఏడాది 1088, భాష తమిళం. అనంతపురం నుంచి గీత గీస్తే సుమారు 2,700 కిలోమీటర్లు. ఢిల్లీ దూరానికి ఒకటిన్నర రెట్లు దాటింది!

అతి ఉదారమైన సుంకం ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవుది. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా పాత రాజులదే. కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి ఆ దోపిడీ ఆపాడు. ఇకపై ముప్పైలో ఒక వంతు, అంతే! సముద్రం మింగగా మిగిలింది వర్తకుడికే దక్కాలన్న తీర్పు అది. నా ఓటు ఈ రాజుకే.

ఆ రేవు గురించి రాసిన అతి ప్రసిద్ధ విదేశీయుడు వెనిస్ వాడే, మార్కో పోలో. ఇక్కడి నేత సాలెగూడంత సన్నమన్నాడు. లోయలో మాంసం ముక్కలు విసిరితే వాటికి అంటిన వజ్రాలను గద్దలు పైకి తెస్తాయనీ రాశాడు, అది కోతే. వానలకు కొండవాగులు దిగాక జనం వజ్రాలు వెతుకుతారన్నది మాత్రం నిక్కం. 700 ఏళ్లు దాటినా తొలకరి పడితే మన అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో ఇప్పటికీ అదే వేట.

అతి ఎక్కువ రేవులు విజయనగరానివి. 1443లో వచ్చిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్ లెక్కలో 300! అతి పెద్ద గుర్రాల బేరమూ అక్కడిదే. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాతలో హోర్ముజ్ నుంచి ఏటా 13,000.

అతి విడ్డూరమైన కొనుగోలుదారు విజయనగర రాజు సాళువ నరసింహుడు. వెయ్యి వరహాలకు మూడు గుర్రాలు, బతికున్నా చచ్చినా సరే! నడిసముద్రంలో చస్తే తోక తెచ్చి చూపితే చాలు, పూర్తి ధర చేతికొచ్చేది.