చలికాలంలో పశువుకు కప్పు: దేనికి వేయాలి, ఎట్లా వేయాలి?



వరికోతలు ముగిసి కల్లాల పని సద్దుమణిగే వేళకు మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో చలి ముదురును. మార్గశిర, పుష్య మాసాలలో, అనగా డిసెంబరు, జనవరి నెలలలో, కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10, 12 డిగ్రీల సెంటిగ్రేడు దాకా దిగిపోవును. జనగామ వైపు మెట్ట నేలలు. చెట్టు చాటు తక్కువ, గాలికి అడ్డు లేదు. మహబూబాబాద్ వైపు చెరువుల కింది పొలాలలో తెల్లవారుజామున మంచు పట్టును. భూపాలపల్లి అడవి పల్లెలలో, గోదావరి దరిని ఉన్నవారికి చలి సంగతి నేను చెప్పనక్కరలేదు.

మనం గొంగడి కప్పుకొని పడుకుంటాం. మరి కొట్టంలో కట్టేసిన పశువు సంగతేమిటి? ఈ విషయంలో ఊళ్లో రెండు మాటలు వినబడును. "పశువుకు చలేమిటి, దాని తోలే దానికి దుప్పటి" అని కొందరు అంటారు. మరికొందరు అన్నింటికీ సంచులు కప్పి, కొట్టం నలుమూలలా మూసి, లోపల నిప్పు కూడా వేస్తారు. ఈ రెండింటిలోనూ కొంత నిజమూ, కొంత ప్రమాదమూ ఉన్నవి. కప్పు ఏ పశువుకు కావాలి, దేనికి అక్కరలేదు, వేస్తే ఎట్లా వేయాలి అన్నది ఇక్కడ విడమరచి చెబుతాను.

పశువు తన వేడిని ఎట్లా నిలుపుకొంటుంది?

ఆవు, బర్రె ఒంటివేడి 101, 102 డిగ్రీల ఫారన్‌హీటు దగ్గర ఉండును. బయట ఎండ కాసినా, చలి పెట్టినా ఒంట్లో ఈ వేడి మారరాదు. ఈ వేడి మేతనుండి పుట్టును. ముఖ్యంగా గడ్డి, సొప్ప వంటి పీచు మేత పెద్దకడుపులో నానుతూ పులుస్తూ ఉన్నంతసేపూ వేడి పుడుతూనే ఉండును. నెమరు వేసే పశువు కడుపులో ఒక పొయ్యి ఉన్నదనుకోండి. రాత్రంతా అది సన్నగా మండుతుంటుంది.

పుట్టిన వేడిని బయటికి పోకుండా ఆపేది వెంట్రుక. చలికి వెంట్రుకలు నిక్కబొడుచుకొని నడుమ గాలిని పట్టి ఉంచును. గొంగడి వెచ్చగా ఉండుటకు కారణమూ ఇదే. ఉన్నిలో వేడి పుట్టదు; ఉన్ని పోగుల నడుమ నిలిచిన గాలి మన వేడిని పోనీయదు. ఈ వెంట్రుకలు తడిసినా, మీద బరువు పడి అణిగినా ఆ గాలి పోవును, వెచ్చదనమూ పోవును. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే ఇక ముందు చెప్పేదంతా సులువుగా అర్థమగును.

గుర్రానికి కప్పు

చలిదేశాలలో, ఇంగ్లండు వంటి చోట్ల, గుర్రాలకు దుప్పట్లు కుట్టించి వేయటం మామూలు. మన దగ్గర కూడా గుర్రం మీద వేసే కప్పును ఉర్దూ మాటలో ఝూల్ అనేవారు. ఒకప్పుడు మన పట్టణాలలో జట్కా బండ్లు తిరిగేవి. ఇప్పుడు గుర్రం కనబడేది ఎక్కువగా పెండ్లి ఊరేగింపులలోనే.

ఆరోగ్యంగా, పొడిగా, కడుపునిండా మేసిన పెద్ద గుర్రానికి మన చలి ఒక లెక్క కాదు. చలికి అలవాటు పడి ఒత్తుగా వెంట్రుక పెంచుకున్న గుర్రం సున్నాకు కింద 15 డిగ్రీల దాకా ఓర్చుకొనగలదు. పలుచని వెంట్రుక ఉన్నది కూడా 5 డిగ్రీల దాకా ఇబ్బంది పడదు. అట్టి గుర్రం మీద పలుచని బట్ట కప్పితే నిక్కిన వెంట్రుకను అణచినవారమే అవుతాం. లాభానికి బదులు నష్టం వచ్చును.

అయితే ఊరేగింపు గుర్రం సంగతి వేరు. జరీ బట్టల కింద, దీపాల నడుమ, బాజాల మోతలో అది చెమట పట్టును. అర్ధరాత్రి దాటాక బట్టలు తీసి, తడి ఒంటితో గాలిలో కట్టేస్తే చలి పట్టును. ముందు కొంతసేపు మెల్లగా నడిపించండి. ఊపిరి నెమ్మదించాక పొడి వరిగడ్డి చుట్టతో ఒళ్లంతా రుద్దండి. తరువాత వీపుమీద గడ్డి పలుచగా పరచి దాని పైన గోనె కప్పండి. గడ్డి సందులలోనుండి గాలి ఆడి చెమట ఆవిరైపోవును, గోనె చలిగాలిని ఆపును. ఒళ్లు ఆరిన తరువాత ఆ గడ్డీ గోనే తీసివేయండి. ముసలి గుర్రానికి, బక్కచిక్కిన దానికి, జబ్బుపడిన దానికి, చిన్నపిల్లకు మాత్రం చలి రాత్రులు కప్పు అవసరమే.

అసలు ఆపద లేగదూడకు

గుర్రం లెక్కచేయని ఆ 10 డిగ్రీల రాత్రే పుట్టిన దూడకు ప్రాణగండం. కొత్తగా పుట్టిన దూడకు వాతావరణం 15 డిగ్రీలకు తగ్గుతున్నప్పటినుండే చలి బాధ మొదలగును. 10 డిగ్రీల దగ్గర దాని ఒంట్లోని శక్తిలో కొంత వేడికే ఖర్చగును. ఎందుకంటారా? దాని ఒంట్లో కొవ్వు నిలువ కొద్ది. పెద్దకడుపు ఇంకా పనికి రాలేదు కనుక ఆ పొయ్యి వెలగలేదు. పైగా తల్లి కడుపునుండి తడిసి వచ్చినది. ఒళ్లు చిన్నది గనుక వేడి త్వరగా పోవును. గిన్నెలో నీళ్లు గోలెంలో నీళ్లకంటే ముందు చల్లారవా? అంతే.

అందుచేత చలి రాత్రి ఈనిన వెంటనే చేయవలసిన పనులు ఇవి.

మొదటిది, తడి ఆర్పటం. తల్లిని నాకనివ్వండి. నాకుతున్నా సరే, మీరు కూడా పొడి గడ్డితో, పాత బట్టతో గట్టిగా రుద్దండి. రుద్దితే ఒళ్లు ఆరుటయే గాక నెత్తురు పారి దూడ చురుకెక్కును. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి.

రెండవది, జున్నుపాలు. మాయ పడేదాకా దూడను పాలకు విడువరాదని మన పల్లెలలో ఒక నమ్మకం ఉన్నది. ఈ నమ్మకం ఎన్ని దూడల ప్రాణం తీసిందో! మాయకూ పాలకూ సంబంధం లేదు. పైగా దూడ చీకితే మాయ త్వరగా పడుటకు సాయమే. ఈనిన గంట, రెండు గంటల లోపల జున్నుపాలు కడుపులో పడవలెను. మొదటి రోజున దూడ బరువులో పదవ వంతు, అనగా 30 కిలోల దూడకు 3 లీటర్లు, మూడు నాలుగు తడవలుగా తాగించండి. జున్నుపాలలోని రోగనిరోధక శక్తి దూడ రక్తంలోకి చేరేది మొదటి గంటలలోనే. ఒక రోజు గడిచిందంటే ఆ తలుపు మూసుకుపోవును. చలికి వేడి ఇచ్చేదీ ఈ పాలే.

మూడవది, పడక. చల్లని బండల మీద, తడి నేల మీద పడుకున్న దూడకు పైన ఎన్ని కప్పులు వేసినా లాభం లేదు. కిందినుండి వేడి లాగుకుపోవును. వరిగడ్డి మందంగా పరవండి. ఎంత మందం? దూడ పడుకున్నప్పుడు దాని కాళ్లు గడ్డిలో కనబడకుండా ఉండాలి, అదే కొలత. ఉదయం తడిసిన గడ్డి తీసి పొడిది వేయండి.

ఈ మూడూ అయిన తరువాతనే నాలుగవదిగా గోనె కప్పు. మొదటి మూడు, నాలుగు వారాలు రాత్రిపూట వేస్తే చాలును.

కప్పు కుట్టే విధం

కొత్తగా కొననక్కరలేదు. పాత గోనె సంచులు రెండు, ఒక దబ్బనం, పురికొస, నాలుగు బారల నవారు చాలును. కాని యూరియా సంచి, మందుల సంచి, మందు పట్టించిన విత్తనాల సంచి పొరపాటున కూడా వాడకండి. పశువు నాకే గుణం కలది; యూరియా దానికి విషం. ప్లాస్టిక్ సంచి చెమటను పోనీయదు, లోపల తడి నిలుచును. జనపనార గోనెయే మంచిది. సంచిని ఉతికి, ఎండలో ఆరబెట్టి, ధూళి దులిపి వాడండి.

మెడ మొదలునుండి తోక మొదలు దాకా తాడుతో కొలవండి, అది పొడుగు. ఒక వైపు డొక్క అంచునుండి వీపు మీదుగా రెండవ వైపు డొక్క అంచుదాకా కొలవండి, అది వెడల్పు. సంచి కుట్లు విప్పి ఆ కొలతకు కత్తిరించి, అంచులు మడిచి కుట్టండి. పోగులు వేలాడితే దూడ నమలును. లోపలి వైపు పాత నూలు చీర అతికిస్తే మరీ మంచిది. రొమ్ము ముందు ఒక పట్టీ, ముంగాళ్ల వెనుక పొట్ట కింద ఒక పట్టీ, తోక కింద ఒక వదులు ఉచ్చు కుట్టండి. గొంతుకు మాత్రం ఏదీ కట్టరాదు.

పట్టీ ఎంత బిగించాలి? అరచేయి పరచి లోపలికి దూర్చితే పట్టేంత. అంతకంటే వదులైతే దూడ కాలు అందులో ఇరుక్కొనును. బిగువైతే ఊపిరికి అడ్డం. ముడి ఒక్క లాగుకు విడిపోవాలి. లాగితే బిగిసే ఉరిముడి వేయవద్దు. దూడ వారం వారం పెరుగును గనుక వారానికొకసారి పట్టీ సడలించండి.

వేయటం కంటే తీయటం ముఖ్యం

చీకటి పడ్డాక వేయండి, ఎండ పొద్దెక్కగానే తీసివేయండి. తీసి ఎండలో ఆరవేయండి, దూడను కూడా ఎండకు కట్టండి. తడిసిన కప్పు లేనిదానికంటే అధ్వాన్నం. ఒక దూడ కప్పు ఇంకొకదానికి వేయకండి. పేలు, తామర అంటుకొనును. రోజూ జబ్బ దగ్గర, వెన్ను మీద ఒరుసుకుపోయిందేమో చూడండి.

కప్పు సరిపోయిందా లేదా అని తెలుసుకొనుటకు జబ్బ వెనుక చేయి పెట్టి చూడండి. పొడిగా, వెచ్చగా ఉంటే సరి. చెమ్మగా ఉంటే కప్పు ఎక్కువైనది. చెవులు, కాళ్ల చివరలు చల్లగా ఉండి, దూడ వణుకుతూ ముడుచుకొని ఉంటే చలి పడుతున్నదని అర్థం. నోట్లో వేలు పెట్టినప్పుడు నోరు కూడా చల్లగా ఉండి, చీకుట మానివేస్తే అది ఆపద. వణుకు ఆగిపోయింది గదా అని సంతోషించకండి. శక్తి అయిపోయినప్పుడు కూడా వణుకు ఆగును. అప్పుడు ఒళ్లు తుడిచి, వేడినీళ్ల సీసాలు బట్టలో చుట్టి ఇరుపక్కలా పెట్టి, వెంటనే పశువైద్యునికి కబురు పెట్టండి. చీకలేని దూడకు పాలు గొంతులో పోయకండి, ఊపిరితిత్తులలోకి దిగును. నేను వ్యవసాయ విస్తరణాధికారిని, వైద్యుణ్ణి కాను; మందు సంగతి వారికే విడువండి.

బర్రెలు, గొర్రెలు

పాలిచ్చే పెద్ద ఆవుకు, కడుపునిండా మేసే ఎద్దుకు మన చలికి కప్పు అక్కరలేదు. సాయంత్రం నాలుగు పిడికిళ్లు గడ్డి ఎక్కువ వేయండి, అదే దానికి దుప్పటి. బర్రె కొంచెం భిన్నం. ఒంటిమీద వెంట్రుక పలుచన. చెరువులో పడుకొని పొద్దుగూకి తడితో వచ్చిన బర్రెను గాలిలో కట్టేయకండి. కడిగేదుంటే మధ్యాహ్నం కడగండి. తాగుటకు రాత్రి తొట్టిలో చల్లబడిన నీళ్లకు బదులు అప్పుడే తోడిన బోరునీళ్లు పెట్టండి. అవి గోరువెచ్చగా ఉండును.

గొల్ల, కురుమ సోదరులకు ఒక మాట. మన పాత దక్కని నల్లగొర్రె ఒంటిమీద ఉన్ని ఉన్నది; దాని ఉన్నితోనే మన గొంగడి నేసేవారు. ఇప్పుడు మందలలో నెల్లూరు రకం, ఉన్ని లేని జీవాలు పెరిగినవి. 2017లో ప్రభుత్వం 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున పంచినప్పుడు ఇతర రాష్ట్రాలనుండి కూడా జీవాలు వచ్చినవి. ఉన్ని లేని గొర్రెకు చలి అడ్డు తక్కువ. చలికాలంలో మంద పెట్టేటప్పుడు తడి వరిమడి వదిలి ఎత్తైన పొడి చెలకలో పెట్టండి, గాలి వచ్చే వైపు దడి కట్టండి. ఉన్ని గొర్రెలకు నడి చలిలో ఉన్ని కత్తిరించకండి. పుట్టిన పిల్లను ముందు తల్లి నాకి వాసన పట్టనివ్వండి. ఆ తరువాతనే పాత గొంగడి ముక్క కప్పండి. ముందే కప్పితే వాసన మారి తల్లి దగ్గరికి రానీయకపోవచ్చు.

కొట్టంలో గాలి, నిప్పు

చలిగాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు దిక్కులనుండి వచ్చును. ఆ వైపు పశువు ఎత్తు దాకా తడికె, గోనె పరదా కట్టండి. పైభాగం తెరిచి ఉంచండి. పూర్తిగా మూస్తే మూత్రం ఘాటు లోపల నిలిచి దూడలకు దగ్గు, ఊపిరితిత్తుల జబ్బు పట్టును. చలినుండి కాపాడబోయి జబ్బు తెచ్చినట్టగును.

ఇక నిప్పు. కొట్టం లోపల నెగడు వేయకండి, పిడకల పొగ రాత్రంతా పెట్టకండి. కింద గడ్డి, ఒంటిమీద గోనె, పక్కన గడ్డివాము. ఒక్క నిప్పురవ్వ చాలును. కట్టేసిన పశువు పారిపోలేదు. పొగ పెట్టేదుంటే కొట్టం బయట, గాలి వాలున పెట్టి, పడుకొనే ముందు నీళ్లు చల్లి ఆర్పండి. పలుపు కూడా ఒక్క లాగుకు విడిపోయేటట్లు కట్టండి.

రెండు పాత సంచులు, ఒక పూట కుట్టుపని, నాలుగు మోపుల గడ్డి, ఇదీ ఖర్చు. ఈనాటి పెయ్య రేపు మీ ఇంటి పాడి. అది చలికి పోయిందంటే పోయేది ఒక దూడ మాత్రమే కాదు, రాబోయే ఈతలన్నీ పోవును. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోవునని మన పెద్దల మాట. అంతదాకా పెద్ద పశువుకు మేత, చిన్నదానికి కప్పు, అన్నింటికీ పొడి పడక. మీ ఇంట చూడి పశువు ఉన్నదా? అయితే ఈ రాత్రికి ముందే సంచులు ఉతికి ఎండలో వేయండి.