బస్తర్ షో: టికెట్టు లేదు, రికార్డులు బోలెడు!

తలనెరిసిన రాక్ బ్యాండు ఏదైనా మన దేశం వస్తోందంటే అభిమానులు వేలకు వేలు పోసి టికెట్లు కొంటారు. మరి టికెట్టే లేకుండా 75 రోజులు సాగే మహా షో మన పొరుగునే ఛత్తీస్‌గఢ్‌లో ఉందని మీకు తెలుసా? అదే బస్తర్ దసరా! జగదల్‌పూర్‌లో హరేలీ అమావాస్యనాడు మొదలవుతుంది. వయసు ఆరువందల ఏళ్లకు పైమాటే అంటారు. 1962లో పుట్టిన రోలింగ్ స్టోన్స్ బ్యాండు దీని ముందు ఉయ్యాల్లో పాపాయి!

2023లో అధిక శ్రావణం వచ్చిపడి ఈ పండగ 107 రోజులు నడిచిందని మీకు తెలుసా? జనం ‘వన్స్ మోర్’ అంటే ఏ బ్యాండైనా ఒక పాట కొసరుతుంది. వీళ్లు నెల కొసరారు!

అమెరికా బ్యాండు వాన్ హేలెన్ ఒప్పందంలో ఓ తమాషా షరతు ఉండేది. గిన్నెలో పెట్టిన ఎం అండ్ ఎం చాక్లెట్లలో గోధుమరంగుది ఒక్కటి కనిపించినా షో రద్దు! కాగితం మొత్తం చదివారో లేదో పట్టుకునే ఎత్తు అది. బస్తర్‌లో షోకి పచ్చజెండా ఊపేదెవరో మీకు తెలుసా? ఒక చిన్నపిల్ల! కాఛిన్‌దేవి పూనిన బాలికను ముళ్ల ఊయలలో ఊపుతారు. ఆమె సరేనంటేనే దసరా. ఈమెతో బేరాలు కుదరవు.

ఇంత పెద్ద దసరాలో రావణుడే లేడు, తెలుసా? దహనం లేదు, పది తలల బొమ్మా లేదు. పండగంతా దంతేశ్వరి అమ్మవారిదే. విలన్ లేకుండా 75 రోజులు హౌస్‌ఫుల్!

ఇక స్టేజీ సంగతి. రాక్ బ్యాండ్ల స్టేజీని లారీల్లో తెస్తారు. బస్తర్ స్టేజీకి సొంత చక్రాలే ఉన్నాయి, ఎనిమిది! రెండంతస్తుల చెక్క రథం. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్లవాళ్లు దుంగలు చెక్కి, ఇనుము సాగదీసి కడతారు. లావుపాటి తాళ్లు పట్టి వందలమంది లాగుతుంటే చక్రాలు కిర్రుమంటాయి. ఇంజిను లేదు, స్టీరింగూ లేదు, మలుపు దగ్గర మాత్రం సలహాలకు కొదవ లేదు.

ఆ స్టేజీ దొంగతనానికి గురవుతుందని మీకు తెలుసా? అదీ ప్రతి ఏడూ! విజయదశమి రాత్రి మాడియా గిరిజనులు రథాన్ని కుమ్హడాకోట్ అడవికి లాక్కుపోతారు. మర్నాడు రాజవంశం వారసుడు అక్కడికి వెళ్లి, వాళ్లతో కలిసి కొత్తబియ్యపు అన్నం తిని, రథాన్ని వెనక్కి తెచ్చుకోవాలి. పోలీసు కేసు లేదు, విందే రాజీ!

కొమ్ముల టోపీలు హెవీ మెటల్ అభిమానుల సొత్తు అనుకుంటున్నారా? దండామి మాడియాల గౌర్ నాట్యం చూడండి. తలమీద అడవిదున్న కొమ్ములు, పైన ఈకల కుచ్చు, ముఖం మీద గవ్వల తెర, మెడలో పొడవాటి డోలు. వాయిస్తూ వాయిస్తూ ఇద్దరు మగవాళ్లు తలలు వంచి దున్నల్లా ఢీకొంటారు. పక్కన ఆడవాళ్లు గజ్జెల కర్రలు నేలకేసి కొడుతుంటారు, ఘల్లు ఘల్లు! గవ్వల సందులోంచి కనిపించేది కళ్లే. మేకప్ రాసుకునే కిస్ బ్యాండువాళ్లు చూస్తే పౌడరు డబ్బా మూసేస్తారు. భద్రాచలం వైపు కొమ్ముకోయ నాట్యం చూసినవాళ్లకు ఈ కొమ్ములు చుట్టాలే!

ఊదకుండా పలికే వేణువు ఉందని మీకు తెలుసా? పేరు సులూర్. చేత్తో పట్టుకుని గాలిలో ఊపితే చాలు, రొద పెడుతుంది. రాత్రి అడవిదారిలో జంతువులను దూరం పెట్టడానికీ ఊపుతారట. దీన్ని చేసే నారాయణ్‌పూర్ కళాకారుడు పండీరామ్ మండావీకి 2025లో పద్మశ్రీ వచ్చింది. ఊపిరి ఖర్చు లేకుండా పద్మశ్రీ!

ధన్‌కుల్ అనే వాయిద్యం విడిభాగాలు ఏమిటో చెప్పుకోండి చూద్దాం. కుండ, చేట, విల్లు! కుండమీద చేట, చేటమీద విల్లు. విల్లుకున్న గాట్లమీద వెదురుపుల్లతో గీకుతూ, తాడు మీటుతూ గురుమాయిలనే గాయనులు జాగర్ కథలు పాడతారు, అదీ రోజుల తరబడి. వంటింట్లో చేట కనబడకపోతే ఎక్కడ వెతకాలో తెలిసిందిగా?

ఒకేసారి 18 వాయిద్యాలు వాయించిన మొనగాడెవరో మీకు తెలుసా? గోండుల ఆది సంగీతకారుడు లింగో. కథే అనుకోండి, అయినా ఇక ఆ బ్యాండులో గొడవపడి విడిపోవడానికి రెండోవాడేడీ?

గాయకుడు జనంలోకి దూకితే అభిమానులు చేతులమీద మోయడం రాక్ షోల్లో పరిపాటి. బస్తర్‌లో దేవుడే ఆ పని చేస్తాడు! దుంగలతో చేసిన ఆంగాదేవుణ్ణి భుజాలకెత్తుకుంటే, డోలు దెబ్బకు ఆయన ఎటు ఊగితే మోసేవాళ్లూ అటే. సెక్యూరిటీ గార్డులకు ఇక్కడ పనేముంది?

1976లో లండన్‌లో ద హూ బ్యాండు 126 డెసిబెల్స్ మోత మోగించి గిన్నిస్‌కెక్కింది. చెవులు పోతాయని గిన్నిస్‌వాళ్లు తర్వాత ఆ పోటీనే ఎత్తేశారు, తెలుసా? బస్తర్‌లో మోహరీ, నగారా, తుడుబుడి వాయిద్యాలు ఒక్కసారిగా అందుకున్న చోట డెసిబెల్ మీటరు ఎవరూ పెట్టలేదని నా అనుమానం. పెడితే అది రాజీనామా చేసేది!

ఈ షోకి మూలం మన ఓరుగల్లు అని మీకు తెలుసా? 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరిని వెంట తెచ్చుకున్నాడని చెబుతారు. ఆ లెక్కన మనకు ముందు వరస సీటు ఇవ్వాల్సిందే!

అభిమానులు ఫిర్యాదులు చెప్పుకునే సభ కూడా ఉంది. పేరు మురియా దర్బార్, పుట్టింది 1876లో. ఊరిపెద్దలు ఒకప్పుడు రాజుకు మొరపెట్టుకునేవారు, ఇప్పుడు ముఖ్యమంత్రికి. కస్టమర్ కేర్‌లో ‘లైన్లో ఉండండి’ అనే బాధ లేదు!

పేరుకు తగ్గ బ్యాండు కూడా ఉందండోయ్. అదే బస్తర్ బ్యాండ్! మరుగున పడుతున్న వాయిద్యాలనూ వాటిని వాయించేవాళ్లనూ ఒక్కచోట చేర్చిన రంగస్థల కళాకారుడు అనూప్ రంజన్ పాండేకు 2019లో పద్మశ్రీ దక్కింది. గిటారు లేని బ్యాండుకు ఇంతకన్నా ఏం కావాలి?

విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ జగదల్‌పూర్‌లో దిగొచ్చు. ఆ మార్గంలో సొరంగాలు 58! లైట్లారడం, వెలగడం దారిలోనే మొదలు.

చివరిగా ఒకటి. కేశ్‌కాల్‌లోని భంగారామ్ దేవి గుడి దగ్గర ఏటా భాద్రపదంలో దేవుళ్లకే విచారణ జరుగుతుందని మీకు తెలుసా? మొక్కులు తీర్చని దేవుడు ముద్దాయి, భక్తులు ఫిర్యాదీలు. నేరం రుజువైతే గుడి నుంచి బహిష్కరణే! ఇప్పుడు చెప్పండి, మీరు వేలు పోసి చూసిన బ్యాండు ఆఖరికి ఒక్క పాట తప్పు పాడితే ఎవరైనా బోనెక్కించారా?