తేమ మీటరు కొనేముందు: స్టార్లు లెక్కపెట్టొద్దు, రివ్యూ చదవండి



పోయిన వానాకాలం మా షెడ్డులో 200 గుడ్ల పంట. నాలుగో జ్వరం లేచినాక ముసురు పట్టుకుంది. గోడకు తగిలించిన కొత్త డిజిటల్ తేమ మీటరు 70 చూపిస్తా ఉంది. అయిదో దశకు అది సరైన తేమే కదా అని కిటికీ పరదాలు దించేసినాం, సున్నం కూడా తక్కువే చల్లినాం. నాలుగు రోజులకు చచ్చిన పురుగులు గట్టిపడి, తెల్లగా సుద్దముక్కల్లాగా కనిపించాయి. సున్నపుకట్టు రోగం. పంటలో సగం దాకా పోయింది. అదే ముసురులో పాత తడిబల్బు–పొడిబల్బు థర్మామీటరు తెచ్చి పక్కన పెట్టి చూస్తే, అసలు తేమ 85 దగ్గర ఉంది.

ఆ మీటరు ఆన్‌లైన్‌లో కొన్నదే. నాలుగున్నర స్టార్లు ఉన్నాయని నమ్మి తెప్పించినాం. తర్వాత ఆ రివ్యూలన్నీ కూర్చొని మళ్ళీ చదివినాం. "ప్యాకింగ్ బాగుంది", "రెండు రోజుల్లో వచ్చింది", "పాప గదిలో పెట్టినాం, చూడడానికి బాగుంది" అని ఉన్నాయి. వాళ్ళు అబద్ధం చెప్పలేదేమో. కానీ తేమ 80 దాటినప్పుడు ఎంత కరెక్టుగా చూపిస్తుందో ఒక్కరూ రాయలేదు. మామూలు గదిలో 50 దగ్గర సరిగ్గా ఉన్న మీటరు మన పురుగుల ఇంట్లో తప్పు చూపించొచ్చు. ఆ సంగతి మాకు పంట పోయినాక తెలిసింది. ఇప్పుడు ఏది కొన్నా ఇలా చూసుకుంటున్నాం.

*1. మనలాంటి పని చేసేవాళ్ళ మాట వెతకండి.* పట్టుపురుగులు మేపేవాళ్ళ రివ్యూలు దొరకడం కష్టం. అయితే పుట్టగొడుగులు పెంచేవాళ్ళకు, ఇంక్యుబేటరులో కోడిగుడ్లు పొదిగించేవాళ్ళకు కూడా తేమ బాగా కావాలి. రివ్యూల్లో వెతికే చోట మష్రూమ్, ఇంక్యుబేటర్ అని ఇంగ్లీషులో కొట్టి చూడండి. చదవడం కష్టమైతే ఇంట్లో చదువుకునే పిల్లలను అడగండి.

*2. కొత్త రివ్యూలు ముందు చూడండి.* పేజీ అదే ఉన్నా అమ్మేవాడు మారిపోయి ఉండొచ్చు, సరుకూ మారి ఉండొచ్చు. రెండేళ్ళ కిందటి పొగడ్త ఈరోజు వచ్చే పెట్టెకు వర్తించదు. రివ్యూలో ఫోటో ఉంటే, మీరు కొనేదీ అదీ ఒకటేనా అని చూసుకోండి.

*3. రెండు, మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళను చదవండి.* ఏది బాగుంది, ఏది చెడింది అని రెండూ చెప్పేది ఎక్కువగా వీళ్ళే. "మూడు నెలలకు అంకెలు కదలడం ఆగిపోయాయి" అన్న ఒక్క మాట వంద "సూపర్"ల కంటే మేలు.

*4. ఒకే తీరు మాటలుంటే అనుమానించండి.* రెండు మూడు రోజుల్లోనే కుప్పగా అయిదు స్టార్లు పడ్డాయా, అవే మాటలు తిరిగి తిరిగి వస్తున్నాయా చూడండి. కొన్ని పెట్టెల్లో "అయిదు స్టార్లు ఇస్తే డబ్బు వాపసు" అని చీటీ వస్తుంది. అలాంటి స్టార్లకు విలువేముంది? అమ్మేవాళ్ళే కొన్నవాళ్ళలాగా రివ్యూలు రాయకూడదని 2020 ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. మోసపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

*5. వీడియో చివరిదాకా చూడండి.* కింద కొనే లింకు, అమ్మేవాళ్ళ నంబరు ఉంటే అది ప్రకటన కావచ్చు. పంట మొదలునుంచి గూళ్ళదాకా వాడి చూపించినారా, పెట్టె విప్పి చూపించి ఊరుకున్నారా?

పడక మీద చల్లే మందులకు మాత్రం స్టార్లు చూసి కొనొద్దు. ఒకరి పంట బాగా వచ్చిందంటే అది మందువల్లనా, కాలంవల్లనా, ఆకువల్లనా చెప్పలేం. మందు గురించి మీ దగ్గరి రేష్మె ఇలాఖా టెక్నికల్ సర్వీస్ సెంటరులో అడగండి. పాకెట్టు మీద గడువు తేదీ చూసుకోండి.

*ఇంటికి రాగానే ఉప్పు పరీక్ష*

రివ్యూ ఎంత మంచిదైనా మీ చేతికొచ్చిన మీటరును మీరే పరీక్షించాలి. సీసా మూతలో వంటుప్పు వేసి, తడి ఇసుకలాగా అయ్యేదాకా కొన్ని చుక్కలు నీళ్ళు పోయండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును గాలి చొరని తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూసేయండి. నీళ్ళు మీటరుకు తగలకుండా చూసుకోండి. ఎండ పడని చోట ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే మూత తీయకుండా బయటినుంచే చూడండి. 75 దగ్గర చూపించాలి. రెండు మూడు అంకెల తేడా ఉంటే ఆ తేడాను కాగితం మీద రాసి మీటరుకు అంటించుకోండి. పది తేడా ఉంటే వాపసు గడువు లోపలే తిప్పి పంపేయండి. మేము చేసినప్పుడు మాది 61 చూపించింది. అప్పటికే గడువు అయిపోయింది.

ఇంకొక మాట. మనమూ "సూపర్" అని రాసి వదిలేయకూడదు. ఎన్ని గుడ్ల పంటలో వాడినాం, ఏ కాలంలో, ఎన్ని నెలలు, ఏం చెడింది అని నాలుగు ముక్కలు రాస్తే ఇంకొక రైతు పంట నిలబడుతుంది. వచ్చే చాకీ దించుకునే లోపల మీ మీటరుకు ఉప్పు పరీక్ష చేసి, ఎంత చూపించిందో ఫోటో తీసి ఈ గ్రూపులో పెట్టండి. తప్పు చూపించినా దాచుకోకుండా పెట్టండి.