నారుకో వలగూడు!

చలి దేశాల్లో నారుకు వెచ్చదనం కోసం గాజు ఇళ్లు కడతారు. పల్నాడులో బెడద వేరు... ఎండ, జడివాన, తెల్లదోమ! నరసరావుపేట, గురజాల వైపు జులై, ఆగస్టుల్లో మిరప నారు పోస్తారు. అప్పుడే తెల్లదోమ వాలితే జెమిని వైరస్ అంటుకుంటుంది. దానికి మందు లేదు. ముడుచుకున్న నారు నాటితే ఏడాది కష్టం గంగపాలే.

అందుకే పెరట్లోనే ఓ వలగూడు. వెదురు బద్దల్ని విల్లులా వంచి మడికి అటూ ఇటూ గుచ్చి, 40 మెష్ నైలాన్ వల కప్పాలి. అంచుల్ని మట్టితో పూడ్చాలి. చిన్న సందున్నా దోమ దూరుతుంది. ఎండ మండేటప్పుడు పైన షేడ్‌నెట్ పరవాలి. ట్రేల్లో కొబ్బరిపొట్టు నింపి విత్తితే వేరు తెగకుండా మొక్క చేతికొస్తుంది. దాదాపు 40 రోజులకు నారు సిద్ధం. నాటే ముందు వారం రోజులు నీడ తీసేసి, నీళ్లు తగ్గిస్తే మొక్క గట్టిపడుతుంది. పనయ్యాక గూడు విప్పి అటకెక్కిస్తే సరి, వచ్చే ఏడాదికీ అదే!